కొసపాలెం మాట నేను చెప్పాను

ఈ వ్యాసం రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఉప్పెన తర్వాత దివిసీమకు వచ్చిన విదేశీ సంస్థల గురించి సభలు జరిగాయి, ప్రత్యేక సంచికలు వేశారు, మచిలీపట్నంలో హాలు అద్దెకు తీసుకుని ఫోటోల ప్రదర్శన కూడా పెట్టారు. ఆ ఫోటోల్లో చాలావాటిలో నా భుజమో మోచెయ్యో కనబడుతుంది. మనిషి కనబడడు. కింద రాసిన పేర్లలో ఒక్కపూట జీపులో వచ్చి వెళ్ళిన పెద్దలందరూ ఉన్నారు, నేను లేను. నిర్వాహకుణ్ణి అడిగితే, "మీరు స్టాఫే కదండీ" అన్నాడు. నేను పనిచేసిన సంస్థ ప్రధాన కార్యాలయానికి ఒకే ప్రశ్న అడుగుతూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశాను. మొదట్లో బదులుగా క్రిస్మస్ కార్డు పంపేవారు. తర్వాత అదీ మానేశారు.

అడగకపోయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు సోషల్ వర్క్ చదివి ఇలాంటి సంస్థల్లో చేరే యువకులు, అమ్మాయిలు చాలామంది ఉన్నారు. వాళ్ళకి ఏం నేర్పుతున్నారో నాకు తెలుసు. ఒకసారి విజయవాడలో అలాంటి తరగతికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వాలతో సంబంధం ఉండదని, అవి దేశాల రాజకీయాలకు అతీతమని బోర్డు మీద రాశారు. చెయ్యెత్తాను. "ప్రశ్నలు చివర్లో అండీ" అన్నారు. చివర్లో టీ ఇచ్చారు.

ఎత్తిన ఆ చెయ్యి నేనింకా దించలేదు.

నా పని

మాది గుడివాడ దగ్గర పల్లె. మా నాన్న చర్చిలో ఉపదేశి. మిషన్ స్కూల్లో చదివినందువల్ల నాకు ఇంగ్లీషు పట్టుబడింది. ఉప్పెన నాటికి బందరులో ఒక ప్లీడరు దగ్గర టైపిస్టుగా ఉన్నాను. నా పేరు యేసుపాదం. ప్లీడరు మాత్రం ఎప్పుడూ "ఒరేయ్ టైపూ" అనే పిలిచాడు. అది కూడా నేను మర్చిపోలేదు.

ఉప్పెన వెళ్ళిన కొద్ది రోజులకే ఒక విదేశీ ధర్మసంస్థ డైరెక్టరు బందరులో దిగాడు. ఆ సంస్థ పేరు గానీ, దాని దేశం పేరు గానీ రాయను. నాకు జవాబివ్వనివాళ్ళ పేరు నా చేత్తో ఎందుకు రాయాలి? డైరెక్టర్ని పల్లెల్లో 'పొడుగు దొర' అనేవారు, నేనూ అలాగే అంటాను. ఆయనకి దుబాసీ కావలసి వచ్చి నన్ను పెట్టుకున్నాడు.

మొదటి రోజు పులిగడ్డ దాటి అవనిగడ్డ మీదుగా సముద్రం వైపు వెళ్ళాం. కోతకొచ్చిన వరి నేలకి అంటుకుపోయి ఉంది. అందులో మనుషులు, గొడ్లు కలిసి పడి ఉన్నారు. ఎక్కడికక్కడ కుప్పలు పోసి కిరసనాయిలు పోసి తగలబెడుతున్నారు. దొర జీపు దిగి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని మళ్ళీ నడిచాడు. మాతో వచ్చిన మన అధికారులు జీపు దిగలేదు. ఆ పూట ఆయన మీద కలిగిన గౌరవం నాకు ఇప్పటికీ ఉంది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది పగతో రాశాననుకుంటారు.

దుబాసీ పని చూడ్డానికి చిన్నది. వాళ్ళ మాట వీళ్ళకి, వీళ్ళ మాట వాళ్ళకి చెప్పడం. కానీ దొర "కుదరదు" అంటే ఆ మాట వచ్చేది నా నోట్లోంచి. ముసలమ్మ శాపనార్థాలు పెడితే అవీ నా నోట్లోంచే వెళ్ళాలి. చాలామంది దుబాసీలు మధ్యలో మాటని మెత్తబరుస్తారు. నేను మెత్తబరచలేదు. అందుకని రెండు వైపులా ఎవరికీ నచ్చలేదు.

గోధుమలు, జెండాలు

గుడివాడ స్టేషను దగ్గర మాకు గోడౌను ఉండేది. అక్కడికి వ్యాగన్లలో గోధుమలు వచ్చాయి. మూడు పూటలా వరి అన్నం తినే సీమకి గోధుమలెందుకని దొరని అడిగాను.

"ఈ ఏడు మా రైతులకి గోధుమ విపరీతంగా పండింది. ధర పడిపోకుండా మా ప్రభుత్వం కొనేసింది. ఎక్కడికో ఒక చోటికి పంపాలి కదా" అన్నాడు, దాపరికం లేకుండా.

"మనది ప్రభుత్వానికి సంబంధం లేని సంస్థ అన్నారు కదండీ?"

"ఇచ్చింది ప్రభుత్వం. పంచుతున్నది మనం" అన్నాడు.

ఆ సంచుల మీద వాళ్ళ దేశపు జెండా అచ్చు వేసి ఉండేది. నాగాయలంక దగ్గర ఒకావిడ ఖాళీ సంచి కత్తిరించి కొడుక్కి లాగు కుట్టింది. జెండా సరిగ్గా వెనక వైపు వచ్చింది. దొర దాన్ని చూసి మురిసిపోయి ఫోటో తీయించాడు. "గీరుకుంటందని పిల్లోడు ఏడుస్తన్నాడండీ, మెత్తటి గుడ్డ ఉంటే ఇప్పించండి" అంది ఆ తల్లి. నేను చెప్పాను. ఆలోగా కెమెరా సర్దేస్తున్నారు. ఆ ఫోటో వాళ్ళ దేశంలో పేపర్లలో వచ్చిందని, ఎన్నికల సభలో ఒక మంత్రి ఎత్తి చూపించాడని తర్వాత తెలిసింది. లాగు సంగతి నాకు తెలియదు.

మనవాళ్ళేమీ తక్కువ తినలేదు. అప్పుడు ఢిల్లీలో ఒక పార్టీ, హైదరాబాదులో ఇంకో పార్టీ. విదేశాల సాయం మేం తెప్పించామంటే మేం తెప్పించామని ఒకే లారీకి రెండుసార్లు కొబ్బరికాయ కొట్టిన రోజులున్నాయి.

కొత్తగా చేరేవాళ్ళు మొదట సంచి మీద ఎవరి జెండా ఉందో చూడండి. ఆ ఏడు ఆ దేశంలో ఏం జరుగుతోందో కనుక్కోండి. మీ ఊళ్ళో మీరు చేయబోయే పనిలో సగం అక్కడే నిర్ణయమైపోయి ఉంటుంది.

దత్తత

కలెక్టరాఫీసు గోడకి ఒక పెద్ద మ్యాపు ఉండేది. ఏ ఊరిని ఏ సంస్థ దత్తత తీసుకుందో అందులో రంగు పెన్సిలుతో నింపేవారు. ఒక సంస్థ దత్తత తీసుకున్న ఊళ్ళో ఇంకో సంస్థ ఇటుక కూడా పెట్టకూడదని రూలు. పెట్టాలంటే మొదటి సంస్థ అభ్యంతరం లేదని చెప్పాలి. ఒకే ఇంటికి ఇద్దరు దుప్పట్లు పంచి పక్కింటిని వదిలేయకుండా, మంచికే పెట్టారు ఈ రూలు.

కానీ ఆ మ్యాపు రెవెన్యూ గ్రామాలది. సముద్రం వైపు ఒక రెవెన్యూ గ్రామమంటే రోడ్డు మీద పెద్ద ఊరు, దాని వెనక ఉప్పు నేలల్లో మైళ్ళ దూరం చెదిరి ఉన్న పాలేలు. పెన్సిలు గీసిన గుమాస్తా వాటిలో ఒక్కదాన్నీ చూసి ఉండడు. పెద్ద ఊరితో పాటు పాలేలన్నీ ఒకే రంగులో కలిసిపోయాయి. పెద్ద ఊరికి పని చేస్తే అన్నిటికీ చేసినట్టే లెక్క.

మా దత్తత గ్రామంలో అన్నిటికన్నా చివర ఉన్న పాలేన్ని ఇక్కడ కొసపాలెం అంటాను. ఇసక దిబ్బ మీద చేపలు పట్టుకునేవాళ్ళ గుడిసెలు. పెద్ద ఊరికీ దానికీ మధ్య ఒక పాయ. మామూలు రోజుల్లో తాటి దోనె మీద దాటతారు. ఉప్పెనలో ఆ పాలెం సగం పోయింది. నాంచారమ్మ అనే ఆవిడ భర్తా ఇద్దరు కొడుకులూ పోయారు. కూతురు చిట్టిని చీరతో ఒంటికి కట్టుకుని తుమ్మచెట్టు పట్టుకుని తాను బతికింది. అత్తగారు ఇంటి దూలం పట్టుకుని కొట్టుకుపోయి బయటపడింది గానీ నడుం విరిగి మంచాన పడింది.

ఆ ఊరికి తుఫాను భవనం కట్టాలని మా సంస్థ నిర్ణయించింది. ఎత్తయిన స్తంభాల మీద సిమెంటు హాలు, నీళ్ళొస్తే ఎక్కి కూర్చోవడానికి. స్థలం చూడ్డానికి దొర, నేను, గుడివాడ నుంచి వచ్చిన ఇంజనీరు ప్రసాదరావు గారు వెళ్ళాం. ప్రసాదరావు గారు రోడ్డు పక్కన కొలతలు వేసేశారు. నేను పట్టుబట్టి దొరని పాయ దాటించాను. ఆడవాళ్ళందరూ చేరారు. మాట్లాడింది నాంచారమ్మ.

"రోడ్డు పక్కన కడితే మేవెట్టా వస్తావండీ? గాలి లేచిందంటే ముందు పొంగేది పాయే. దోనె నిలవదు. మా అత్త మంచం దిగలేదు. దిబ్బ మీదే కట్టండి, కంకర మేం మోసుకుంటాం."

నేను ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను. దొర ఇంజనీరు వైపు చూశాడు. దిబ్బ మీద పునాది నిలుస్తుంది గానీ సామాను పాయ దాటించడానికి చాలా కాలం పడుతుందని ఇంజనీరు అన్నారు.

"అంత కాలం లేదు" అన్నాడు దొర. "మా పార్లమెంటు సభ్యులు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళు వెళ్ళి బాగుందని చెబితేనే ఇండియాకి సాయం సాగుతుంది. మీ దేశం అణుబాంబు పేల్చినప్పటినుంచి మావాళ్ళలో చాలామందికి మీ మీద కోపం. భవనం వాళ్ళ కారుకి అందే చోట ఉండాలి."

"బాంబు పేల్చింది ఈవిడ కాదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు.

"ఏవంటన్నాడండీ?" అంది నాంచారమ్మ.

"రోడ్డు దగ్గరే కడతారంటమ్మా. వాళ్ళ దేశం పెద్దలు కారులో వచ్చి చూడాలంట."

"కారులో వచ్చేవోళ్ళకి తుఫాను భవనం ఎందుకండీ?"

అది కూడా చెప్పాను. దొర మొహం ఎర్రబడింది. "ఆలోచిస్తామని చెప్పు" అన్నాడు. చెప్పాను.

"ఇందాకేమో రోడ్డు మీదే అన్నారు. ఇప్పుడేమో ఆలోచిస్తాడంటన్నారు" అంది ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ. "ఇది దొర మాటా, మీ మాటా?"

ఎదురెదురు

అదే రోజుల్లో ఇంకో దేశం నుంచి ఒక మైత్రీ సంఘం వచ్చింది. దాని దేశమూ మా దొర దేశమూ ఒకదాని మీద ఒకటి క్షిపణులు గురిపెట్టుకున్న జట్లలో చెరోవైపు ఉండేవి. ఆ సంఘం దుబాసీ ఖాదర్ మా బందరు వాడే, వాళ్ళ నాన్నకి అద్దకం గుడ్డల కొట్టుండేది. బస్టాండు దగ్గర ఇద్దరం కలిసి టీ తాగేవాళ్ళం.

"ఏం పాదం బావా, మావాళ్ళు కట్టబోయే భవనం ఎత్తెంతో కనుక్కోమన్నాడా మీ దొర?"

"అన్నాడు. మీ కామ్రేడో?"

"మీది కొలిచి రమ్మని పొద్దున్నే పంపాడు. ఇద్దరం ఇక్కడే చెప్పేసుకుందాం, ఎండలో నడక తప్పుద్ది."

నవ్వుకున్నాం. నవ్వడానికి ఏముందో ఇప్పుడు ఆలోచిస్తే తెలియదు. ఖాదర్ తెలివైనవాడు. వాళ్ళ సంఘం ఇంకా స్థలం ఖాయం చేసుకోలేదు. నేను చెప్పిన కొసపాలెం సంగతి విని, వాళ్ళవాళ్ళ చెవిలో పోరి ఒప్పించాడు. ఒక రోజు రొప్పుకుంటూ మా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చాడు.

"బావా, దిబ్బ మీద కడతారంట మావాళ్ళు! పాయ మీద సామాను వాళ్ళే దాటించుకుంటారు. మీ దత్తత కాబట్టి మీ దొర అభ్యంతరం లేదని ఒక్క మాటంటే చాలు."

నేను లోపలికి పరిగెత్తాను. దొర పెన్ను తిప్పుతూ విన్నాడు.

"మా దత్తత ఊళ్ళో వాళ్ళ జెండానా?"

"జెండా సంగతి తర్వాతండీ. గోడలు లేస్తాయి కదా."

"మా ఎంబసీకి ఏం చెప్పమంటావు?"

"ఎంబసీకి ఎందుకు చెప్పాలండీ? మనది ప్రభుత్వానికి సంబంధం లేని సంస్థ కదా."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మిస్టర్ పాదం, నువ్వు అనువాదకుడివి" అన్నాడు.

ఆ వాక్యం నేను ఎవరికీ అనువదించలేదు. బయట నిలబడ్డ ఖాదర్ నా మొహం చూసే అర్థం చేసుకున్నాడు. ప్రసాదరావు గారు మాత్రం భుజం తట్టి, "ఉద్యోగం చూసుకోండి పాదం గారూ, మనకెందుకు ఈ దేశాల గొడవ" అని హితవు చెప్పారు.

మైత్రీ సంఘం తన భవనాన్ని పక్క రెవెన్యూ గ్రామంలో కట్టింది. రెండు గ్రామాలకీ సరిహద్దు ఆ రోడ్డే. అంటే మా భవనానికి సరిగ్గా ఎదురుగా. వాళ్ళది ఎత్తు పెరుగుతోందని దొర మాదాని మీద ఇంకో గది వేయించాడు. వాళ్ళు ఇంకా పొడుగాటి జెండా కర్ర పాతారు. పాయ అవతల కొసపాలెంలో ఒక ఇటుక కూడా పడలేదు.

పార్లమెంటు సభ్యులు వచ్చారు. షామియానా వేశారు, కూచిపూడి నుంచి నాట్యం చేసే అమ్మాయిలను పిలిపించారు. శిలాఫలకం మీద ఇంజనీరు పేరుంది, కాంట్రాక్టరు పేరుంది. మధ్యాహ్నం దాకా అందరి నోరూ నేనే అయ్యాను. భోజనాల వేళకి నన్ను డ్రైవర్ల పంక్తికి పంపారు. అది పోనివ్వండి. అతిథులకి దండలు వెయ్యడానికి నాంచారమ్మనీ చిట్టినీ కొత్త బట్టలు కట్టించి దోనె మీద తెప్పించారు. ఒక సభ్యుడు సంతోషంగా ఉందా అని అడిగాడు.

"సంతోషవేనండీ. ఈ మేడ మా పాలెం వచ్చుద్దా?" అంది ఆవిడ.

ఈ భవనం నడిచి మా పాలెం వస్తుందా అని అడుగుతోందని చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

సముద్రం రాని రోజు

కొంతకాలానికి మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చింది. మైకు పెట్టిన జీపు రోడ్డు మీద తిరిగింది. కొసపాలేనికి కబురు ఆలస్యంగా అందింది. ఉప్పెన చూసిన మనుషులు కనుక ఆ మాట వినగానే బయల్దేరారు. అప్పటికే వాన మొదలై పాయ పొంగుతోంది. మొదటి దోనెలు దాటాయి. నాంచారమ్మ రెండు దోనెలు కలిపి కట్టి, వాటి మీద అత్తగారి మంచం అడ్డంగా పెట్టించింది. ముసలావిడ కాళ్ళు పట్టుకుని చిట్టి మంచం మీద కూర్చుంది. నాంచారమ్మ వాటికి కట్టిన మోకు పట్టుకుని ముందు ఇంకో దోనెలో ఉంది. ఇవతలి గట్టున నేను, ఖాదర్, దొర, ఊరివాళ్ళం నిలబడి ఉన్నాం. నడి పాయలో కట్లు ఊడిపోయాయి. దోనెలు చెరో వైపు తిరిగాయి. మంచం మునిగింది. ఈత వచ్చినవాళ్ళు దూకారు. ఎవరికీ ఏమీ దొరకలేదు. నాంచారమ్మ ముందు దోనెలో గట్టుకు చేరింది. చేతిలో మోకు ఉంది.

సముద్రం రాలేదు. తుఫాను దారి మళ్ళి ఎక్కడో వేరే చోట తీరం దాటింది. కదలడం చేతగాక కొసపాలెంలోనే ఉండిపోయినవాళ్ళు ఉన్నచోటే బతికారు. దిబ్బ మీద భవనం ఉండి ఉంటే ఆ రోజు ఎవరూ పాయ దాటేవారు కాదు.

మా భవనంలో ఆ రోజు పెద్ద ఊరివాళ్ళు, వాళ్ళ గేదెలు ఉన్నాయి. ఎదురు భవనం సగం ఖాళీగా ఉంది. ప్రభుత్వం అది తుఫాను మరణం కాదు, పడవ ప్రమాదం అంది. మా సంస్థ తన దేశానికి పంపిన నివేదికలో భవనం అక్కరకొచ్చిందని రాసుకుంది. ప్రభుత్వం మాటని కూడా కలిపి ఆ నివేదిక టైపు చేసింది నేనే.

సాయంత్రం వాన తెరిపిచ్చాక నాంచారమ్మ మా భవనం మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను పిలిచింది.

"పాదం గారూ, ఒక్క మాట. ఆ రోజు మేం చెప్పింది దొరకి చెప్పారా?"

"చెప్పానమ్మా."

"ఉన్నదున్నట్టు చెప్పారా?"

"చెప్పాను."

"చెప్తే కట్టకుండా ఎందుకుంటాడండీ? ఆయనా మనిషే కదా."

దొర పక్కనే ఉన్నాడు. ఏమంటోందని అడిగాడు. "తన మాట మీకు చెప్పానా లేదా అని అడుగుతోంది. ఈసారి మీరు చెప్పండి" అన్నాను. ఆయన తల దించుకుని, "చాలా విచారిస్తున్నానని చెప్పు" అన్నాడు. అడిగింది అది కాదని నేనన్నాను. ఆయన జీపు వైపు వెళ్ళిపోయాడు. విచారిస్తున్నాడని ఆవిడకి చెప్పాను, చెప్పమన్నాడు కనుక.

"నేనడిగింది అది కాదు" అంది నాంచారమ్మ.

ఇప్పుడు

ఆ తర్వాత నేను ఇంకా చాలా సంస్థల్లో పనిచేశాను. మంచివాళ్ళని చూశాను, ప్రాణాలు నిలబెట్టిన పనులు చూశాను, కాదనను. కానీ ఏ సంస్థ అయినా పంచేది తనది కాదు. దాని వెనక ఎవరో ఉంటారు, వాళ్ళకి చూపించుకోవలసింది ఏదో ఉంటుంది. మీరు చేరిన రోజే మీ బాసుని అడగండి: ఈ భవనం ఎవరు ఎక్కడానికి, ఎవరు చూడ్డానికి? రెండు జవాబులూ ఒకటి కాకపోతే అప్పుడే గొడవ పెట్టుకోండి. మర్యాద కోసం ఆగకండి. నేను గొడవ పెట్టుకున్నాను, చాలలేదు. మీరు ఇంకా పెద్దది పెట్టుకోండి.

దొర తర్వాత పెద్ద పదవికి వెళ్ళాడు. ఖాదర్ చనిపోయాడు. ఇంజనీరు గారికి ఏమీ గుర్తు లేదట. నాంచారమ్మ మాత్రం ఇంకా కొసపాలెంలోనే ఉంది. నేను కనబడితే మొహం తిప్పుకుంటుంది. దుబాసీ మాట మార్చాడు కనకనే మేడ రాలేదని ఆ పాలెంలో ఇప్పటికీ అంటారు. చిన్నపిల్లలకి కూడా అలాగే చెప్పారు. ఒక ఆడమనిషి తన బిడ్డ ఎందుకు పోయిందో తప్పుగా తెలుసుకుని చచ్చిపోబోతోంది. ఇది నా పరువు సమస్య మాత్రమే అనుకునేవాళ్ళు అనుకోండి.

కాబట్టి ఆ సంస్థ వారికి మళ్ళీ ఒకసారి రాస్తున్నాను, ఇది చివరిసారి కాదు. మీ ప్రశంసాపత్రం నాకక్కర్లేదు, మీ సంచికలో నా పేరు వెయ్యనక్కర్లేదు, నాంచారమ్మకి మీ పరిహారమూ పంపకండి. మీలో బాధ్యత ఉన్న ఒక మనిషి కొసపాలెం రావాలి. దుబాసీని మీరే తెచ్చుకోండి, నేను మాట్లాడితే ఆవిడ నమ్మదు. ఆవిడకి వినికిడి తగ్గింది, ఎదురుగా కూర్చుని గట్టిగా చెప్పాలి. దిబ్బ మీద కట్టమని ఆవిడ అన్న మాట మీకు చేరిందా, లేదా? చేరితే, కడతామన్న ఇంకొకరిని ఎందుకు ఆపారు? చెప్పండి.